ఊళ్ళో పక్షపత్రికలో చిన్న ప్రకటన వేస్తే పని జరుగుతుందా?

మీరు అడిగింది ఇదీ: పాలకొల్లులో నాన్నగారి ఇంట్లో కింద వాటా ఖాళీగా ఉంది. పొలంలో నీళ్ళు తోడడానికి వాడిన పాత డీజిల్ ఇంజను కూడా అమ్మేయాలి. ఊళ్ళో పదిహేను రోజులకోసారి వచ్చే పత్రికవాళ్ళు ఒక్కో ప్రకటనకి 200 రూపాయలు అడుగుతున్నారు. వాట్సప్ గ్రూపులు ఇన్ని ఉండగా ఆ డబ్బులు దండగేనా, ఒకవేళ వేస్తే ఎలా రాయాలి అని.

నేను కోనసీమలో అలాంటి పక్షపత్రిక ఒకదానికి తొమ్మిదేళ్ళు పనిచేశాను. పేరుకి డీటీపీ ఆపరేటర్ని, అంటే కంప్యూటర్లో అక్షరాలు కొట్టి పేజీలు కట్టే పని. ఆఫీసులో ఉన్నదే ముగ్గురం కాబట్టి ప్రకటన రాసుకునేదీ నేనే, డబ్బులు పుచ్చుకునేదీ నేనే, తప్పు పడితే తిట్లు తినేదీ నేనే. ఎనిమిది పేజీల టాబ్లాయిడ్. ఆరో పేజీలో కుడిచేతి వైపు రెండు కాలమ్‌లు చిన్న ప్రకటనలవి. మొదటి 15 మాటలకి 60 రూపాయలు, ఆపైన మాటకి 3 రూపాయలు. ‘అమ్మబడును’, ‘అద్దెకివ్వబడును’, ‘కావలెను’ అని ఇప్పటికీ ఎందుకు రాస్తారో ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు అర్థమైంది. ‘అమ్మకానికి ఉంది’ అంటే రెండు మాటలు, ‘అమ్మబడును’ ఒకటే మాట. మూడు రూపాయలు మిగుల్తాయి కదండీ.

అసలు విషయానికొస్తే, ఆ రెండు కాలమ్‌లు అక్షరం వదలకుండా చదివేది ఎవరనుకున్నారు? రిటైరైన మాస్టార్లు, సెలూన్లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు, మందుల షాపు కౌంటర్లో మధ్యాహ్నం బేరాల్లేని కుర్రాడు, టీకొట్టు బల్ల మీద రెండో టీ చెప్పినవాళ్ళు. వీళ్ళలో ఒక్కరికీ మీ వాటా అక్కర్లేదు, మీ ఇంజనూ అక్కర్లేదు. కానీ కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు అమ్మాయి ఇల్లు వెతుక్కుంటోందన్న కబురు ఉండేది వీళ్ళ దగ్గరే. మీ ప్రకటన వీళ్ళ నోటి మీదుగా ఆ అమ్మాయికి చేరాలి. కాబట్టి ఒకసారి చదివి ఇంకొకళ్ళకి చెప్పగలిగేలా రాయండి. నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ముక్కే.

నాకది నేర్పింది ఒక గేదె. రాజోలు వైపు నించి ఒక రైతు వచ్చి చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం తీశాడు. చెమటకి తడిసి సిరా పాకిపోయింది. ‘ముర్రా గేదె అమ్మబడును’ అని, కింద ఫోను నంబరు. చివరి రెండంకెలు నేను తారుమారు చేశాను. పూర్తిగా నా తప్పే. ఆ నంబరు పక్క మండలంలో ఒక రిటైర్డు హెడ్మాస్టారిదైంది. మూడో రోజు ఆయన స్కూటరేసుకుని ఆఫీసుకే వచ్చేశారు. అయిపోయాం రా అనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ‘‘ఏమయ్యా, అది ఎన్నో ఈతో రాయలేదేం? చూడిదా, పాలిస్తోందా? పూటకెన్ని లీటర్లు? అందరూ అవే అడుగుతున్నారు, నేనేం చెప్పను?’’ అన్నారు. అప్పటికి ఆయనకి 20 ఫోన్ల పైనే వచ్చాయట. మొదట్లో విసుక్కున్నారట గానీ, తరవాత పేర్లు, ఊళ్ళు ఒక చీటీ మీద రాసి పెట్టారు. ఆ చీటీ రైతుకిచ్చాం. గేదె ఆ వారంలోనే వెళ్ళిపోయింది. ‘రెండో ఈత, పూటకి 4 లీటర్లు’ అని ఇంకో ఐదు మాటలు రాసుంటే సగం ఫోన్లు తగ్గేవి, మిగతా సగం నేరుగా బేరంలోకి దిగేవి.

మీ వాటా సంగతి చూద్దాం. ‘అన్ని సౌకర్యములతో కూడిన విశాలమైన గృహము అద్దెకివ్వబడును, వివరములకు సంప్రదించగలరు’ అని మీరు రాసుకొస్తారని నాకు తెలుసు, అందరూ అదే తెస్తారు. అందులో చెప్పుకోవడానికి ఒక్క ముక్క లేదు. మన గోదావరి డెల్టాలో అద్దెకొచ్చేవాళ్ళ మొదటి ప్రశ్న నీళ్ళ గురించి. సముద్రం దగ్గరపడే కొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయని అందరికీ తెలుసు. అందుకే ‘కుళాయి ఉంది’ అన్న రెండు మాటలు ‘విశాలమైన’ కంటే బాగా పనిచేస్తాయి. నేనైతే ఇలా రాస్తాను:

‘పాలకొల్లు పెద్దగోపురం వెనక వీధి. కింద వాటా, 2 గదులు, వంటిల్లు, విడిగా బాత్రూము. మున్సిపల్ కుళాయి. అద్దె 5,500. సాయంత్రం 6 తరవాత ఫోను.’

డోరు నంబరు వద్దు. అది పోస్టుమేనుకి తప్ప ఎవరికీ తెలీదు. గోపురం, సినిమాహాలు, కాలవ వంతెన, ఇలాంటి గుర్తు ఒకటి చాలు. అద్దె ఎంతో రాయకపోతే రెండు నష్టాలు. ఇవ్వలేనివాళ్ళు ఫోన్లు చేసి మీ బుర్ర తింటారు. ఇవ్వగలిగినవాళ్ళు ‘ఎంత చెప్తారో ఏమో’ అని ఊరుకుంటారు. బేరమాడతారన్న భయంతో దాచేవాళ్ళున్నారు. రాసినా ఆడతారు, రాయకపోయినా ఆడతారు. నంబరు ఒక్కటే ఇవ్వండి, అది కూడా మీరు చెప్పిన వేళకి తప్పకుండా ఎత్తేవాళ్ళది. ప్రూఫు, అంటే అచ్చుకి ముందు సరిచూసుకునే కాపీ, అడగడానికి మొహమాటపడకండి. వాట్సప్‌లో ఫోటో పెట్టమని, నంబరు పైకి చదివి సరిచూడండి. గేదె సంగతి గుర్తుంది కదా.

‘శాకాహారులకు మాత్రమే’ అని వేయమని మా దగ్గరికి చాలామంది వచ్చేవారు. దాని వెనక ఏముందో ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మీరు వేయరనే అనుకుంటాను.

వాట్సప్ మీద నాకేమీ కోపం లేదు. సెల్‌ఫోను, సెకండ్‌హ్యాండ్ బండి లాంటివి అమ్మాలంటే గ్రూపులే మేలు. పత్రికలో వేసి మా డబ్బులు మేం తీసుకున్నాం గానీ, వాటికి ఫోను వచ్చినట్టు నాకు గుర్తులేదు. గ్రూపులో పెట్టిన మెసేజి మాత్రం గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడి సాయంత్రానికి కనబడదు. పత్రిక టీకొట్టు బల్ల మీద పదిహేను రోజులు పడుంటుంది. ఆ తరవాత మిరపకాయ బజ్జీల కిందికి వెళ్తుంది, అక్కడ కూడా ఎవడో ఒకడు చదువుతాడు. వేసేటట్టయితే వరసగా రెండు సంచికల్లో వేయించండి. మొదటిసారి చదివినవాడికి గుర్తుండదు, రెండోసారి చూసినప్పుడు ‘ఇంకా ఖాళీగానే ఉందే’ అని ఎవరికో చెప్తాడు. రెండూ కలిపి 300కి చేయమని అడగండి, చేస్తారు.

డబ్బు కట్టే ముందు పత్రిక ఎక్కడెక్కడ పడుతుందో అడిగి తెలుసుకోండి. చిన్న పత్రికకి గోదావరి పాయే సరిహద్దు. కోనసీమ నించి మీ పాలకొల్లు వైపు వచ్చే చించినాడ వంతెన దాటితే పది నిమిషాల్లో అవతలి గట్టున ఉంటాం గానీ, మా పత్రిక ఏనాడూ ఆ వంతెన దాటలేదు. మీ దగ్గర పత్రిక పాలకొల్లు, నరసాపురం వరకు పడితే చాలు, భీమవరంలో కూడా పడుతుందని గొప్పలు చెప్తే నమ్మక్కర్లేదు. రెండు పాత సంచికలు తిరగేయండి. ఆఖరి పేజీ అడుగున ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు పేర్లు, అచ్చైన చోటు ఉండాలి. అవి లేకపోతే 200 మీ దగ్గరే ఉంచుకోండి. ప్రకటనలన్నీ శ్రద్ధాంజలులు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలే అయితే ఆ పత్రిక కొని చదివేవాళ్ళు తక్కువని అర్థం. గేదెలు, వాటాలు, చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు, లీజుకి చేపల చెరువులు కనిపిస్తే నిక్షేపంగా వేయొచ్చు.

కోర్టు నోటీసుల్లాంటివాటికి మాత్రం పక్షపత్రిక పనికిరాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 20వ రూలు కింద కోర్టు పేపరు ప్రకటన వేయమంటే, ప్రతివాది చివరగా ఉన్న ప్రాంతంలో తిరిగే దినపత్రికలోనే వేయాలి. ఒకాయన తక్కువలో పోతుందని మా దగ్గర వేయించుకుని వెళ్ళి, మళ్ళీ దినపత్రికలో వేయించాల్సొచ్చింది. పోయిన సర్టిఫికెట్లు, స్థలం కొనే ముందు ఇచ్చే లాయరు నోటీసులు కూడా అంతే, ఏ పేపరైతే చెల్లుతుందో, ప్రకటన వేయమన్న ఆఫీసునో లాయర్నో ముందే అడగండి.

మీ ప్రశ్నలో లేదు గానీ పెళ్ళి ప్రకటనల గురించి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో రేపు ఎవరో ఒకరు వేస్తారు. ఒకసారి అంబాజీపేట దగ్గర్నించి ఒక పెద్దాయన వచ్చారు. కూతురికి వరుడు కావలెను. చదువు, ఎత్తు, నక్షత్రం అన్నీ చక్కగా రాసి, చివర ‘2 ఎకరముల కొబ్బరితోట ఇవ్వగలము’ అని పెట్టారు. అది కొట్టేయాలండీ అన్నాను. ‘‘ఆయ్, నా తోట, నా కూతురు, నీకేంటి?’’ అన్నారు. ఆ మాట నిజమే, కానీ వరకట్న నిషేధ చట్టంలో 1986లో చేర్చిన 4ఏ సెక్షను ఒకటుంది. పెళ్ళికి బదులుగా ఆస్తిలో వాటా, డబ్బు ఇస్తామని ప్రకటన ఇచ్చినవాళ్ళకే కాదు, అచ్చేసినవాళ్ళకీ, ప్రచురించినవాళ్ళకీ శిక్ష పడుతుంది. ఆరు నెలల నించి ఐదేళ్ళ దాకా జైలు, లేదంటే 15,000 దాకా జరిమానా. మా ప్రింటరుగారికి షుగరు, జైలు కూడు పడదు అని నవ్వుతూ చెప్పాను. ఆయన కాసేపు గొణిగి, ఆ ముక్క కొట్టేసి, దాని బదులు ‘కొబ్బరితోటలు గల కుటుంబము’ అని రాయించారు. ఆపడానికి నాకు దారి దొరకలేదు. షుగరంటే గుర్తొచ్చింది, మధుమేహం శాశ్వతంగా పోగొడతాం అనే మందుల ప్రకటనలు కూడా 1954 నాటి చట్టం ప్రకారం వేయకూడదు. మీ పత్రికలో అలాంటివి వరసగా ఉంటే ఆ పత్రిక డబ్బులిస్తే ఏదైనా వేస్తుందని తెలుసుకోండి.

అద్దె ప్రకటన పడగానే ఒక ఫోను తప్పకుండా వస్తుంది. నేను ఆర్మీ ఆఫీసర్ని, ఇక్కడికి పోస్టింగు వచ్చింది, ఇల్లు చూడక్కర్లేదు, అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తా, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేయండి అంటాడు. డబ్బు పుచ్చుకోడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ను కొట్టక్కర్లేదు. ఇంటికొచ్చి చూస్తేనే మాట అనండి, ఆ ఫోను మళ్ళీ రాదు.

ఇక ఎప్పుడు వేయాలన్నది. వాటాకి మే రెండో పక్షం, జూన్ మొదటి పక్షం. బదిలీలు, బడులు తెరవడం అప్పుడే. ఇంజను మాత్రం ఇప్పుడు వేయకండి. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, కాలవలు నిండుగా పారుతుంటే ఇంజను ఎవడిక్కావాలి? సంక్రాంతి వెళ్ళాక, దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలవ చివరి చేలకి నీళ్ళందక వంతులు మొదలయ్యే ఫిబ్రవరి నాటికి వేయండి. పాతదైనా స్టార్టయ్యేలా పెట్టుకోండి, వచ్చినవాడు ముందు హ్యాండిలే తిప్పి చూస్తాడు.

అన్నట్టు అది ఎన్ని హార్స్ పవరు? పైపులతో కలిపా, విడిగానా? మీరు రాయలేదు.