గేమ్ కంపెనీలో చేరాలంటే ముందు ఒక చిన్న గేమ్ పూర్తి చెయ్యి

సందేహం: అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. డల్లాస్‌లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ మూడో సెమిస్టర్‌లో ఉన్నాను. గేమ్స్ తయారుచేసే కంపెనీలో చేరాలని చిన్నప్పటి నుంచి కోరిక. రూమ్మేట్లేమో ‘జావా నేర్చుకుని కన్సల్టెన్సీలో చేరు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ వాళ్లే పెడతారు’ అంటున్నారు. ఇంటి మీద లోన్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, మాది మిర్యాలగూడ. సియాటెల్ పక్కన ఒక స్టూడియోలో 11 ఏళ్లుగా గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని.

ముందు ఆ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ మాట మర్చిపో. అది తప్పు, పైగా మా ఫీల్డ్‌లో అసలు నిలవదు. గేమ్ చివర పనిచేసిన వాళ్ల పేర్లు పడతాయి. అందరివీ పడవు, ఆ బాధ వేరే. కానీ ‘ఆ గేమ్‌లో నువ్వు రాసిన భాగం ఏది, ఎందుకలా రాశావు’ అని అడిగితే రెండు నిమిషాల్లో నిజం బయటపడుతుంది.

మరి కొత్తవాళ్లలో ఏం చూస్తాం? నా దగ్గరికి రెజ్యూమె వస్తే ముందు అందులో గేమ్ లింక్ ఉందా అని చూస్తాను. చాలామంది పంపేది ట్యుటోరియల్ చూసి చేసిన తుపాకీ ఆటే. నువ్వు మన సాగర్ డ్యామ్ తీసుకో. 26 గేట్లు, నిండితే నీటిమట్టం 590 అడుగులు. పైనుంచి వరద వస్తోంది. ఎన్ని గేట్లు ఎత్తాలి, ఎప్పుడు దించాలి? తక్కువ ఎత్తితే డ్యామ్‌కు ముప్పు, ఎక్కువ ఎత్తితే కింది ఊళ్లు మునుగుతాయి, వదిలేసిన నీళ్లు ఎండాకాలం ఆయకట్టుకు ఉండవు. ఐదు నిమిషాల ఆట చాలు. కానీ మెనూ, సౌండ్, గెలుపు, ఓటమి అన్నీ ఉండాలి, వేరేవాళ్ల కంప్యూటర్‌లో ఆగిపోకుండా నడవాలి. సగం చేసి వదిలేసిన పెద్ద గేమ్ కంటే ఇలా పూర్తయిన చిన్నదానికే నేను విలువ ఇస్తాను. ఎందుకంటే ఈ పనిలో కష్టమంతా చివరి పది శాతంలోనే ఉంటుంది.

ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఏదైనా ఒకటి పట్టుకో. యూనిటీ అయితే సీ షార్ప్, అన్‌రియల్ అయితే సీ ప్లస్ ప్లస్. గోడాట్ అనే ఇంకో ఇంజిన్ పూర్తిగా ఉచితం. ప్రోగ్రామర్‌గా రావాలంటే సీ ప్లస్ ప్లస్, వెక్టర్లు, మాట్రిక్స్‌లు గట్టిగా రావాలి. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) మారాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లే. నీ కోడ్ అందులో ఎంత తింటోందో కొలిచి చూపించగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే.

వీసా విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉండి, పని చేసే అనుమతి లేకుండా గేమ్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో అమ్మకానికి పెట్టొద్దు. ఉచితంగా పెట్టు, విరాళాలు కూడా తీసుకోకు. డబ్బు ఆలోచన ఉంటే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీకి మరో 24 నెలలు. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. పేరులో గేమ్ ఉందని వేరే కోర్సుకు మారకు. ప్రతి డిగ్రీ స్టెమ్ కిందికి రాదు, నీ కంప్యూటర్ సైన్స్ వస్తుంది.

మార్కెట్ కూడా బాగాలేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే గేమింగ్‌లో 1,900 మందిని తీసేసింది. లోన్ ఉంది కాబట్టి గేమ్ స్టూడియోలకే అప్లై చేస్తూ కూర్చోకు. సిమ్యులేషన్, గ్రాఫిక్స్, మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కూడా వెయ్యి. నేను రెండేళ్లు మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో చేసి ఇటు వచ్చాను. ఆ రెండేళ్లూ రాత్రిళ్లు గేమ్ రాశాను.

మా నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ‘ఆటలకు జీతం ఎవరిస్తారు బిడ్డా’ అని ఒకటే టెన్షన్ పడ్డాడు. సెలవుల్లో వెళ్లినప్పుడు నా గేమ్ ఆయన ఫోన్‌లో వేసి ఇచ్చి పక్కన కూర్చున్నాను, ఏమీ చెప్పకుండా. రెండు చోట్ల ఆగిపోయాడు. నాకు తెలిసిన వాళ్లెవరూ పట్టుకోని తప్పులవి, ఆ రాత్రే సరిచేశాను.

డ్యామ్ గేమ్ ఆడేంతవరకు రాగానే ముందు మీ అమ్మకు పంపు. ఎక్కడ ఆగిందో అడిగి రాసుకుని, సరిచేశాక నాకు పంపు. నేనూ ఆడి చెబుతాను.