పాఠకుల ప్రశ్నలు: గోడకు మావోరీ ఇల్లు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో స్థిరపడ్డారు. ఆ దేశపు గుర్తుగా ముందు గదిలో అక్కడి మూలవాసులైన మావోరీల 19వ శతాబ్దపు ఇంటి చిత్రం ఒకటి పెట్టుకోవాలని ఉంది. అలాంటి పాత చిత్రాలకు కాన్వాసు మీద నూనె రంగులతో చేతితో నకళ్లు గీసిచ్చే దుకాణం ఒకటి ఇంటర్నెట్‌లో కనిపించింది. ఆరడుగుల దాకా ఏ కొలతకైనా గీస్తామని, మా సోఫాకు నప్పేలా రంగులు మారుస్తామని కూడా చెబుతున్నారు. కొనవచ్చునా?
ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: కొనవచ్చునండీ. అయితే రంగులు మారుస్తామన్న మాట చదవగానే నాకు మన చెరియాల పటాలు గుర్తుకు వచ్చాయి. ఏ పరాయి దేశంలోనో ఒక వ్యాపారి చెరియాల నకాషీ చిత్రకారులు గీసే పటానికి నకలు తీయించి, తన గోడకు నప్పదని ఆ ఎర్రని నేలను నీలంగా మార్పించి అమ్మాడనుకోండి. అది చేతితో గీసినదే అవుతుంది గానీ, దానిని చెరియాల పటమని మీరూ నేనూ ఒప్పుకోము.

మావోరీ ఇంటి విషయంలో ఈ సంగతి మరింత సున్నితమైనది. సభలకు, అతిథి మర్యాదలకు, అంత్యక్రియలకు నెలవైన ఫరెనుయి అనే పెద్ద ఇంటిని వారు చాలాచోట్ల ఒక పూర్వీకుని శరీరంగానే భావిస్తారు. కప్పు ముందు కొసన ఉండే కొరురు ఆయన ముఖం, అక్కడి నుంచి రెండు పక్కలకూ వాలే మైహి పలకలు ఆయన చేతులు, వాటి చివర చీలికలుగా చెక్కిన రాపరాపా ఆయన వేళ్లు. లోపల టాహుహు అనే దూలం వెన్నెముక, హెకె అనే వాసాలు పక్కటెముకలు. ఇంటి కప్పు నడి దూలాన్ని వెన్నుగాడి అని పిలుచుకున్న మనకు ఈ ఊహ మరీ కొత్తదేమీ కాదు. గోడల వెంట నిలిపిన పౌపౌ అనే చెక్కుడు పలకలు కూడా సాధారణంగా పేరున్న పెద్దల రూపాలే. కనుక నకలు గీసే మనిషి ఆ వేళ్లను ఆకుల డిజైనుగా మార్చినా, చెక్కిన ముఖాల్లో బయటికి చాపిన నాలుకను మర్యాద కోసం లోపలికి పెట్టేసినా, దానిని అలంకారంలో చిన్న తేడాగా కొట్టిపారేయలేము.

ఇంతకూ ఆ దుకాణం వారు దేనికి నకలు గీస్తున్నారు? ఉదాహరణకు, జార్జ్ ఫ్రెంచ్ ఆంగస్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు 1844లో న్యూజిలాండ్‌లో తిరిగి, మానా దీవిలో తె రాంగిహాయేటా అనే నాయకుని ‘కై టాంగాటా’ అనే ఇంటితో సహా ఎన్నో కట్టడాలను చిత్రించాడు. ఆయన అక్కడ వేసినవి నీటిరంగుల చిత్రాలు. వాటి ఆధారంగా 1847లో లండన్‌లో పుస్తకంగా వెలువడినవి చేతితో రంగులద్దిన 60 రాతి అచ్చు బొమ్మలు. అలా ఒక్కొక్క కాగితానికీ విడిగా రంగులద్దినప్పుడు ప్రతికీ ప్రతికీ తేడా రావడం సహజం. పుస్తకం పుటలో ఇమిడే బొమ్మను ఆరడుగుల నూనె రంగుల చిత్రంగా పెంచితే, మధ్యలో ఏర్పడే ఖాళీలన్నీ నకలు గీసేవారి ఊహతోనే నిండుతాయి. అమ్మేవారు చెప్పకపోయినా అది సగం కొత్త చిత్రమే.

ఒక్కోసారి చూసి గీయదగిన ఇల్లే అబద్ధం చెబుతుంది. 1875లో ఫాకటానెలో ప్రారంభమైన మాటాటువా అనే ఇంటిని ప్రభుత్వం 1879లో సిడ్నీ ప్రదర్శనకు పంపినప్పుడు, లోపలి చెక్కుడు పనులు సందర్శకులకు కనబడాలని గోడలను తిరగేసి బయటి వైపుకు నిలబెట్టారు. ఆ రూపాన్ని చూసి ఎంత శ్రద్ధగా గీసినా అది మావోరీ ఇల్లు కాజాలదు. ఆ తరువాత లండన్ దాకా వెళ్లి వచ్చిన ఆ ఇల్లు 2011లో గానీ తన వారి మధ్య మళ్లీ తలుపులు తెరుచుకోలేదు.

రంగుల గురించి కూడా కొంచెం చెప్పాలి. వాసాల మీద గీసే కోఫైఫై అనే తీగలవంటి నమూనాలకు ఎరుపు, నలుపు, తెలుపు సంప్రదాయపు రంగులు. ఆ ఎరుపు, సొరచేప నూనెలో కలిపిన ఎర్రమట్టి. అలాగని పచ్చ, నీలం కనబడిన ప్రతి చిత్రమూ తప్పని అనుకోకండి. గిస్బోర్న్ సమీపంలో 1887లో కట్టిన రోంగోపై అనే ఇంట్లో చెట్లను, మనుషులను రకరకాల రంగులతో గీశారు. అందుకే మూలచిత్రం ఏదో తెలియకుండా రంగు తప్పొప్పులు తేల్చలేము.

దుకాణం వారిని చిత్రకారుని పేరు, సంవత్సరం, ఆ ఇంటి పేరు, అసలు చిత్రం ఉన్న సంగ్రహాలయం అడగండి. “పురాతన మావోరీ చిత్రం” అన్న జవాబు మాత్రమే వస్తే వదిలేయండి. వెల్లింగ్టన్‌లోని తె పాపా సంగ్రహాలయం తన దగ్గరి పాత చిత్రాల నాణ్యమైన ఫోటోలను చాలావాటిని ఉచితంగా దింపుకోనిస్తుంది. అలాంటిదొకటి ఎంచుకొని, నగరంలోనే నీటిరంగుల్లో చేయి తిరిగిన చిత్రకారునికి ఇచ్చి అసలు కొలతలోనే గీయించుకోవడం నాకు నచ్చే మార్గం. వెనుక వైపున ‘నకలు’ అని, మూలచిత్రం వివరాలతో సహా రాయించండి. ఈలోగా ఆక్లండ్ సంగ్రహాలయంలో ఉన్న 1878 నాటి హోటునుయి అనే ఇంట్లోకి వెళ్లి చూసి రమ్మని మీ అమ్మాయికి చెప్పండి. ఏ నకలులో ఏం తప్పిపోయిందో ఆ తరువాత ఆమే పట్టుకోగలదు.

ప్రశ్న: ఇలాంటి నకళ్లు గీయించుకుంటే కాపీరైటు చిక్కులు వస్తాయా? తగిలించుకోవడానికి నియమాలేమైనా ఉన్నాయా?
ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: మన చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాత 60 ఏళ్ల దాకానే ఆ హక్కు ఉంటుంది, ఆంగస్ 1886లోనే పోయాడు. ఇక తగిలించే చోటు మాటకొస్తే, మావోరీలు తలను పవిత్రంగా ఎంచి, ఆహారాన్ని దానికి దూరంగా ఉంచుతారు కనుక పూర్వీకుల ముఖాలున్న చిత్రాన్ని భోజనాల గదిలో పెట్టకపోవడం మర్యాద. స్నానాల గదికి ఆనుకున్న గోడ కూడా వద్దు. మన వానాకాలపు చెమ్మకు కాగితం మీద బూజు మచ్చలు పడతాయి. నీటిరంగుల చిత్రమైతే అద్దం తప్పనిసరిగా వేయించి, ఆ అద్దం చిత్రాన్ని తాకకుండా మధ్యలో అట్ట అంచు పెట్టమని ఫ్రేము కట్టేవారికి చెప్పండి.