ఎముక కట్టే పెప్టైడ్ల పనిలోకి దిగుతున్న అమ్మాయికి

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విరిగిన ఎముకను తిరిగి కట్టించే పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసుల) మీద పరిశోధన చేయబోతున్నావని మీ నాన్న చెప్పగానే నాకు ఎంత గర్వం కలిగిందో అంత దిగులూ కలిగింది. ముప్పై ఏళ్లు అదే పనిలో గడిపినవాడిని కనుక గర్వం సంగతి విడిచిపెడతాను. దిగులు సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

చిన్న జాగ్రత్తలు నీకు తెలిసినవే. సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకు, కరిగించిన పెప్టైడ్‌ను చిన్న భాగాలుగా పంచి ఫ్రీజర్‌లో దాచు, పదేపదే గడ్డకట్టించి కరిగించకు. తూచినదంతా పెప్టైడ్ అనుకోకు. అందులో తేమా లవణమూ కూడా ఉంటాయి.

ఆ లవణం దగ్గరే నేను బోల్తా పడ్డాను. ఎముకలోని కొలాజెన్ ప్రోటీన్‌లో కణాలు పట్టుకునే చోటును పోలిన పదిహేను అమైనో ఆమ్లాల పి-15కు అప్పటికే పేరు వచ్చింది. మేమూ అటువంటి వరుస ఒకటి తయారుచేయించి, అవే అమైనో ఆమ్లాలను తారుమారు చేసిన మరో పెప్టైడ్‌ను పోల్చి చూడటానికి కంట్రోల్‌గా పెట్టుకున్నాము. మా పెప్టైడ్ కలిపిన చోట ఎముకను కట్టే కణాలైన ఆస్టియోబ్లాస్టులు నిండుగా పెరిగాయి, కంట్రోల్ కలిపిన చోట పలచగా మిగిలాయి. ఏ పెప్టైడూ కలపని కణాలను కూడా పక్కన పెడదామని నా విద్యార్థిని అడిగితే, ప్లేటులో చోటు దండగ అని నేనే వద్దన్నాను. ఆ ఫలితాన్ని సభల్లో చెప్పుకున్నాను కూడా.

మరుసటి ఏడు కంట్రోల్ పెప్టైడ్‌ను కొత్తగా తెప్పించాక ఆ తేడా మాయమైంది. లోపం నీ చేతిలోనే ఉందని ఆ పిల్లను నలుగురిలో కోప్పడ్డాను. ఆమె బదులు చెప్పలేదు. నాకు చెప్పకుండా పాత సీసాలతోనే మళ్లీ ప్లేటు పెట్టి, ఈసారి ఏమీ కలపని కణాలనూ చేర్చి, సీసాలతో వచ్చిన కాగితాలతో సహా నా బల్ల మీద ఉంచింది. మా పెప్టైడ్ ఎసిటేట్ లవణం. పాత కంట్రోల్ మాత్రం శుద్ధి చేసేటప్పుడు మిగిలిపోయే ట్రైఫ్లోరోఎసిటేట్ లవణం. అది అత్యల్ప మోతాదులో కూడా ఆస్టియోబ్లాస్టుల వృద్ధిని తగ్గిస్తుందని 1999లోనే అచ్చయింది, నేను చదవలేదు. ఏమీ కలపని కణాలు మా పెప్టైడ్ కలిపినవాటితో సమానంగా పెరిగాయి. అంటే మా పెప్టైడ్ ఏ మేలూ చేయలేదు, కంట్రోలే కణాలను అణచింది. క్షమించమని ఆమెను అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది, తల్లీ.

అందుకే రెండు పెప్టైడ్లనూ ఒకే లవణ రూపంలో అడిగి తీసుకో, ఏమీ కలపని వరుసను ఎవరు వద్దన్నా తీసేయకు. కాల్షియాన్ని పట్టి చూపే అలిజరిన్ రంగు ఎరుపు చూసి కూడా మురిసిపోకు. కణాలకు ఫాస్ఫేట్ అందించడానికి కలిపే బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువైతే ఎముక ఏర్పడకుండానే కాల్షియం పేరుకొని రంగు పడుతుంది. ఎలుక పుర్రెలో చిన్న రంధ్రం చేస్తే అది తనంతట తానే పూడవచ్చు. 8 మిల్లీమీటర్ల రంధ్రాన్ని అందరూ ఎంచుకునేది అందుకే.

మోతాదు విషయంలో నా భయం వేరు. 1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజాలు తీసేసిన ఎముకను కండరంలో పెట్టి అక్కడ కొత్త ఎముక పుట్టడం చూపాడు; ఆ దారిలోనే వచ్చిన, ఎముకను పుట్టించే బీఎంపీ-2 ప్రోటీన్‌కు 2002లో అమెరికాలో అనుమతి దొరికింది. మెడ శస్త్రచికిత్సల్లో దానిని వాడినప్పుడు ప్రాణం మీదికి వచ్చేంత వాపులు వచ్చాయని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది. పెప్టైడ్ చిన్నది, చవక, కానీ ప్రోటీన్ అంత బలమైనది కాదు గనుక మోతాదు పెంచాలనిపిస్తుంది. పెంచేముందు అది ఎంతసేపు నిలుస్తోందో చూడు. పారాథైరాయిడ్ హార్మోన్‌లోని మొదటి 34 అమైనో ఆమ్లాలే టెరిపారటైడ్ అనే ఎముకల మందు. రోజుకొకసారి ఇస్తే ఎముక పెరుగుతుంది, అదే హార్మోన్ ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది.

రాత్రుళ్లు తిండి మానేసి ఇంక్యుబేటర్ దగ్గర కూర్చోకు. మొదటి ప్లేటు పూర్తయ్యాక, ముందుగా ఏమీ కలపని కణాల ఫోటో నాకు పంపు.

నీ పెదనాన్న