అమ్మమ్మ కాన్వెంట్ ప్రిన్సిపాల్ కాదు

అమ్మలూ,

నీ కవరు అందింది. ఇంగ్లిష్‌కి ఏ గైడ్ కొనాలో చెప్పమన్నావు, ఇంగ్లిష్‌లో నువ్వు రాసిన అమ్మమ్మ కథ దిద్దిపెట్టమన్నావు. గైడ్ సంగతి ముందే తేల్చేస్తాను: కొనకు. పన్నెండో తరగతికి సీబీఎస్‌ఈ వాళ్లే ఏటా మాదిరి ప్రశ్నపత్రమూ, దానికి మార్కులు ఎలా వేయాలో చెప్పే మార్కింగ్ స్కీమూ తమ వెబ్‌సైట్‌లో ఊరికే పెడతారు. 32 ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినా మీ సిలబస్ నాకు కొత్తే, అందుకని నీ కోసం రెండు రోజులు కూర్చుని చూశాను.

80 మార్కుల పేపర్లో చదివి అర్థం చేసుకునేదానికి 22, పాఠాలకు 40, మిగతా 18 ‘క్రియేటివ్ రైటింగ్ స్కిల్స్’కి. ఆ పేరు చూసి మురిసిపోకు. అక్కడ అడిగేది నోటీసు, ఆహ్వానం లేదా దానికి జవాబు, ఉత్తరం, వ్యాసం లేదా రిపోర్టు. నోటీసు 50 మాటల్లో ముగించాలి, 4 మార్కులు. అందులో ఒకటి రూపానికే వస్తుంది: స్కూలు పేరు, తేదీ, శీర్షిక, కింద పేరు, హోదా. శుభలేఖలో ముహూర్తం ఉండాల్సిన చోటే ఉన్నట్టు ఇవీ ఉండాలి. వారానికి రెండు రాస్తే నెలలో చెయ్యి తిరుగుతుంది, దీనికి టెన్షన్ అక్కర్లేదు.

మీ టీచర్‌ని అడగడానికి మొహమాటంగా ఉందన్నావు. “పాఠం అర్థం కాలేదు మిస్” అంటే ఆవిడ మళ్లీ సారాంశం చెప్పి పంపిస్తుంది, అంతే. జవాబు రాసి, మార్కింగ్ స్కీమ్ చూసి నువ్వే మార్కులు వేసుకుని తీసుకెళ్లు. “నాకు 3 వచ్చేట్టుంది మిస్, 5 రావాలంటే ఇందులో ఏం తక్కువైంది?” అని అడుగు. క్లాసులో ఎంతమంది ఉన్నా ఆ ప్రశ్నకు రెండు నిమిషాలు దొరుకుతాయి. నీ ఉత్తరంలో ‘ఐ యామ్ హ్యావింగ్ టూ డౌట్స్’, ‘డిస్కస్ అబౌట్’ కనిపించాయి. మనవాళ్లందరం చేసే తప్పులే. నోట్సు చివరి పేజీలో ఇలాంటివి రాసుకో, పరీక్ష ముందు ఆ ఒక్క పేజీ చూసుకుంటే చాలు.

ఇక కథ. కరెంటు బిల్లు వెనకాల అమ్మమ్మ పాల లెక్క రాసుకుంటుందని రాశావు చూడు, అక్కడ ఆగి రెండోసారి చదివాను. కానీ దాని కిందే ఆవిడ ఎంత పొదుపరో మూడు వాక్యాల్లో వివరించావు. ఆ మూడూ కొట్టెయ్. బిల్లు చూశాక మాకు తెలిసిపోయింది.

అసలు చిక్కు ఆవిడ మాటల్లో ఉంది. పిల్ల చీకటిపడ్డాక ఇంటికొస్తే అమ్మమ్మ ‘వేర్ హ్యావ్ యూ బీన్, మై డియర్?’ అంటోంది! మన అమ్మమ్మలు ఎక్కడైనా అలా అంటారుటే? కాన్వెంట్ ప్రిన్సిపాల్‌లా ఉంది. నీ చెవిలో వినపడ్డది “ఇంతసేపూ ఎక్కడ చచ్చావే” కదా? దాన్ని మాటకు మాట ‘వేర్ డిడ్ యూ డై?’ అని దించితే చదివేవాడు దెయ్యాల కథ అనుకుంటాడు. అందుకని మాట వదిలెయ్, కోపం పట్టుకో. ఆవిడ తలెత్తకుండా కంచం ఠంగుమని పెట్టి, ‘సో యూ రిమెంబర్డ్ దిస్ హౌస్’ అంటే? “ఇల్లు గుర్తొచ్చిందన్నమాట” అనే ఎత్తిపొడుపు అలాగే ఉంది, ఇంగ్లిషూ చెడలేదు. నీకు ఇంకా మంచిది తట్టొచ్చు. మన మనసులోది పరాయి భాషలో చెప్పడంలోని ఈ తిప్పల గురించే ఇంగ్లిష్‌లో రాసిన మన రచయిత రాజారావు 1938లో వచ్చిన ‘కాంతాపుర’ నవల ముందుమాటలో రాశాడు. ఒక పేజీకి మించదు, లైబ్రరీలో దొరికితే చదువు.

ఫోన్లో చాట్‌జీపీటీని అడగనా అన్నావు. నోటీసు రాశాక తప్పులు వెతకమను, తప్పులేదు. కథ మాత్రం దాని చేతికివ్వకు, అమ్మమ్మ మళ్లీ ‘మై డియర్’ అంటుంది.

నేనూ దిద్దనులే. ఒకసారి ఒక కుర్రాడు కథ తెస్తే ఉత్సాహం కొద్దీ ఎర్ర పెన్నుతో పేజీ పేజీ తిరగరాసిచ్చాను. థాంక్యూ సార్ అన్నాడు, మళ్లీ ఏదీ తేలేదు. అందుకే నీ కాగితాల మీద పెన్సిల్‌తో రెండే గుర్తులు పెట్టాను. గీత గీసిన చోట ఆగి మళ్లీ చదివాను, సున్నా చుట్టిన చోట నాకు నిద్రొచ్చింది. ఎందుకో నువ్వే చూసుకో. వేరే ఎవరికిచ్చినా “బాగుందా?” అని అడగకు, బాగుందనే అంటారు. ఎక్కడ విసుగొచ్చిందో అడుగు.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు అమ్మమ్మ మాటలన్నీ ముందు తెలుగులో, మార్జిన్‌లో రాసుకుని రా. తిట్లతో సహా. మీ నాన్నకి చూపించక్కర్లేదు.

మీ పెదనాన్న