ఇటలీలో వినిమయానికి చుట్టాలు

సందేహం: పరిశోధనా వ్యాసం రాస్తున్నాను. ఇటలీ తాత్వికుడు రొబెర్తో ఎస్పొసితో కమ్యూనిటీ, ఇమ్యూనిటీ ఒకే లాటిన్ మాటకు పుట్టాయంటాడు. తెలుగులో ‘సమాజం’, ‘రోగనిరోధక శక్తి’ అంటే ఆ చుట్టరికం కనబడటం లేదు. ‘సామాన్యం – మాన్యం’ అనవచ్చా? ఫినామినాలజీకి ‘దృగ్విషయశాస్త్రం’ సరైనదేనా?

సమాధానం: మీ చెవి మంచిదే, వ్యుత్పత్తే ఒప్పుకోదు. సామాన్యం ‘సమాన’ నుంచి వచ్చింది, మాన్యం ‘మన్’ ధాతువు నుంచి.

లాటిన్‌లో ‘మూనుస్’ అంటే కానుక, కొలువు, బాధ్యత. ఎస్పొసితో పట్టు ఎక్కడంటే, అది పుచ్చుకునే కానుక కాదు, ఇచ్చి తీరవలసిన కానుక. ఆ బరువును కలిసి మోసేవారు ‘కొమ్మూనిస్’, తప్పించుకున్నవాడు ‘ఇమ్మూనిస్’. 1998లో ‘కొమ్మునితాస్’, 2002లో ‘ఇమ్మునితాస్’ అని రెండు పుస్తకాలు వేశాడు. మనుషుల్ని కలిపేది ఉమ్మడి ఆస్తి కాదు, ఉమ్మడి బాకీ అని ఆయన వాదం. ‘ఋణానుబంధ రూపేణ పశుపత్నిసుతాలయాః’ అని రోజూ అనుకునే మనకు ఇది కొత్తగా తోచనక్కర్లేదు.

అసలు ముచ్చట ఇప్పుడు చెబుతాను. ఈ మూనుస్‌కు మన భాషలో రక్తసంబంధి ఉంది. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘మేఙ్ ప్రణిదానే’ అని ఒక ధాతువు. ఇచ్చి పుచ్చుకోవడం, మార్చుకోవడం దాని అర్థం. దానికి ‘వి’, ‘ని’ చేరితే వినిమయం. భాషాశాస్త్రజ్ఞులు లాటిన్ మూనుస్‌నూ ఈ ధాతువునూ ఒకే మూలానికి చేరుస్తారు. ఇంత ఘనమైన వంశం ఉన్న మాటను మనం ఏం చేశాం? కన్స్యూమరిజానికి ‘వినిమయ సంస్కృతి’ అని పేరు పెట్టాం! కొనుక్కుని వాడి పారేయడం వినియోగం. అందులో ఇచ్చేదెక్కడ, పుచ్చుకునేదెక్కడ? పేజీ నింపే తొందరలో ‘యోగ’కూ ‘మయ’కూ తేడా చూడని వాళ్లను ఎన్నాళ్లని మందలించను.

ఇక ‘సమాజం’, ‘సముదాయం’, ‘సంఘం’ అన్నిటా ‘సం’ ఉంది, బాకీ లేదు. పైగా విడివిడిగా ఉన్నవాళ్లు వచ్చి కూడారన్న ధ్వని ఉంది. ఫినామినాలజీ అంటే లోకం మన అనుభవానికి ఎలా కనబడుతుందో పరిశీలించే తత్వశాఖ. ఆ శాఖవారి పేచీ సరిగ్గా దానితోనే. మనిషి ముందు ఒంటరిగా ఉండి ఆనక పదిమందిలో కలవడు, ఉండటమంటేనే తోడుతో ఉండటమని జర్మన్ తాత్వికుడు హైడెగర్ 1927లో అన్నాడు. ఎస్పొసితో ఆ తోడును తీసుకుని, దానికి మూనుస్‌ను జతచేశాడు.

ఇమ్యూనిటీ వైద్యుల చేతికి చిక్కింది నిన్నగాక మొన్న, 19వ శతాబ్దంలో. అంతకుముందు అది పన్నుల, కొలువుల మినహాయింపు. మన శాసనాల్లోని ‘సర్వమాన్యం’ దానికి దగ్గరే. కానీ మంగలి మాన్యం, చాకలి మాన్యం ఊరికి సేవ చేసినందుకు ఇచ్చినవి. అక్కడ పన్ను తప్పినా మూనుస్ తప్పలేదు! కాబట్టి మాన్యాన్ని సగం మనసుతోనే ఒప్పుకుంటాను. రాయబారులకుండే ఇమ్యూనిటీ విషయంలో మాత్రం ‘రోగనిరోధక శక్తి’ అనకండి, ‘మినహాయింపు’ చాలు. కమ్యూనిటీకి ‘సమాజం’ ఉంచి, పక్కన ‘ఋణబంధం’ అని ఒకసారి రాస్తే మీ పరీక్షకుడికి కోపం రాదనుకుంటాను.

ఫినామినాలజీలోని గ్రీకు మాటకు అర్థం కనబడటం, వెలుగులోకి రావడం. మన ‘భా’ ధాతువుకు అది బంధువు. ‘దృగ్విషయం’ చూసేవాడి వైపు మొగ్గింది, ‘ఆభాస’ అందామంటే వేదాంతులు దాన్ని బూటకం చేసి పెట్టారు. పదిమంది ఎదుట కనబడటమే రాజకీయమన్న రాజకీయ చింతకురాలు హానా ఆరెంట్‌ను చదివేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన మాట, ప్రస్తుతానికి ఉండనివ్వండి.