మబ్బు ముదిరే రోజున దూరపు పోటీ: హ్యాంగ్ గ్లైడింగ్ ప్రశ్నలు, జవాబులు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, లాక్లన్ నది పక్కన ఫోర్బ్స్ అనే ఊరుంది. చుట్టూ గోధుమ పొలాలు, ఎటుచూసినా చదును నేల. 2013 జనవరిలో హ్యాంగ్ గ్లైడింగ్ (ఇంజిన్ లేని రెక్క కింద వేలాడుతూ ఎగిరే ఆట) ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. కొండ లేదు కనుక చిన్న విమానం రెక్కను తాడుతో పైకి లాగి వదులుతుంది. అక్కడ ఒకే మధ్యాహ్నంలో ఎండ, నీడ, ఈదురుగాలి మూడూ ఎదురుకావచ్చు. ఈసారి ప్రశ్నలన్నీ దాదాపు ఆ మూడింటి గురించే.

ప్రశ్న (సిడ్నీ): ఫోర్బ్స్ పోటీకి పేరిచ్చాను. పొద్దున్నే సూచన చూసి మబ్బు ఎంత ఎత్తున కడుతుందో మనమే లెక్కవేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. మధ్యాహ్నం ఉండబోయే ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) తీసేసి, మిగిలిన డిగ్రీలను 125తో గుణించండి. నేల నుంచి మబ్బు అడుగుదాకా ఎత్తు మీటర్లలో వస్తుంది. ఉష్ణోగ్రత 38, డ్యూ పాయింట్ 14 అయితే 24 డిగ్రీల తేడా, అంటే 3,000 మీటర్లు. అదే వేడిలో డ్యూ పాయింట్ 22కి చేరితే 2,000 మీటర్లే. ఎత్తు తగ్గడం ఒక్కటే కాదు, గాలిలో తేమ పెరిగిందంటే ఉరుముల మబ్బుకి ముడిసరుకు చేరిందన్నమాట.

11 గంటలకల్లా తెల్లమబ్బులు వెడల్పుకంటే నిలువుగా ఎక్కువ పెరుగుతుంటే, మధ్యాహ్నం ముదురుతాయనే అనుకోండి. అలాంటి రోజు స్టార్ట్ గేట్లు (పరుగు మొదలుపెట్టడానికి ప్రకటించే సమయాలు) మూడు నాలుగు ఉంటే మొదటిదే పట్టుకోవడం మేలని మా అభిప్రాయం. చివరి గేటు దాకా ఆగి, ముందు వెళ్లినవాళ్ల వెనకాల పడదామనే ఎత్తుగడ వాతావరణం నిలకడగా ఉన్న రోజుకే పనికొస్తుంది.

ప్రశ్న (హైదరాబాద్): మా అన్నయ్య అక్కడ ఎగురుతాడు. ఫోన్ చేసినప్పుడల్లా "నీడలో దిగిపోయానురా" అంటాడు. ఏం తప్పు చేస్తున్నట్టు?

నీడలోకి ఎంత ఎత్తుతో అడుగుపెట్టాడో అడగండి. పోటీ రెక్క నిశ్చల గాలిలో ఒక మీటరు దిగేలోపు దాదాపు 15 మీటర్లు ముందుకు పోతుంది. అలా చూస్తే 2,000 మీటర్ల నుంచి 30 కి.మీ. రావాలి. కానీ నీడలో గాలి కిందికి దిగుతుంటుంది, కాబట్టి 10 చొప్పునే లెక్కపెట్టాలి. పొలం వెతుక్కుని దిగడానికి 500 మీటర్లు పక్కన పెట్టాలి. చేతిలో మిగిలేది 15 కి.మీ. ఎదుట నీడ అంతకన్నా వెడల్పుగా ఉంటే, ఎండ అంచునే ఆగి మబ్బు అడుగుదాకా ఎక్కాకే బయల్దేరాలి. సెకనుకు 1 మీటరు చొప్పున ఎక్కుతున్నా సరే, వదలకూడదు. గంట క్రితం, సెకనుకు 3 మీటర్లు లేపే థర్మల్స్ (పైకి లేచే వేడిగాలి) దొరుకుతున్నప్పుడు, అదే 1 మీటరును వదిలేసి ముందుకు దూకడం తెలివైన పని. చాలామంది ఆ పాత ఊపులోనే నీడలోకి దూసుకెళ్తారు.

నీడలో ఉన్నప్పుడు నేలను చూడండి. దున్నిన నల్లటి పొలం, చెట్ల వరుస అంచు, ఎండ పడుతున్న ముక్క, ఈ మూడింటి మీదే ఆశ. నీడ పడ్డాక కూడా నల్లనేల కాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. గద్దలు గిరగిరా తిరుగుతుంటే అటే వెళ్లండి, ఆ వేరియో (ఎక్కుతున్నామో దిగుతున్నామో చెప్పే పరికరం) తప్పు చెప్పదు. దగ్గరకు పోతే మాత్రం ఆ దేశపు పెద్ద గద్దలు రెక్క మీదికి కూడా వస్తాయి.

ఎదురుగాలిని మర్చిపోవద్దు. గంటకు 50 కి.మీ. వేగంతో పోయే రెక్కకు 20 కి.మీ. ఎదురుగాలి తగిలితే, మీటరు దిగేలోపు పోయే 15 మీటర్లు కాస్తా 9 అవుతాయి. అదే గాలి వెనక నుంచి వీస్తే 21. గమ్యం 20 కి.మీ. ఉందనుకోండి, ఎదురుగాలికి 2,200 మీటర్లు కావాలి, వెనుకగాలికి 950 చాలు. ఉరుముల మబ్బు దగ్గర్లో ఉంటే గాలి దిశ నిమిషాల్లో మారుతుంది కనుక, వెనుకగాలి లెక్కతో చివరి పరుగు మొదలుపెట్టకండి.

ప్రశ్న (విశాఖపట్నం): నల్లమబ్బు కింద తిరక్కుండానే పైకి లేస్తామట. ఆ లాభం వాడుకోకూడదా?

మబ్బు పలచగా, ఒంటరిగా ఉంటే వాడుకోవచ్చు. వెడల్పాటి నల్లమబ్బయితే లెక్క చూడండి. బార్ (చేతులతో పట్టుకునే కడ్డీ) లాగి గంటకు 80 కి.మీ.తో పారిపోయినా రెక్క దిగేది సెకనుకు 2-3 మీటర్లే. మబ్బు 5 మీటర్ల చొప్పున పైకి లాగుతోంది. అంచు 2 కి.మీ. దూరం ఉంటే చేరడానికి 90 సెకన్లు పడుతుంది. ఆలోపు ఇంకో 225 మీటర్లు పైకి పోతారు. కాబట్టి మబ్బు అడుగుకు కనీసం 300 మీటర్ల కిందనే, లాగుడు పెరుగుతోందని వేరియో చెప్పగానే, దగ్గరి వెలుగు అంచుకి తిన్నగా వెళ్లాలి. ఒక్క చుట్టు కూడా తిరగొద్దు.

2007 ఫిబ్రవరి 14న అదే రాష్ట్రంలోని మానిల్లాలో, ప్రపంచ పోటీల ముందు సాధనలో, పారాగ్లైడింగ్ పైలట్ ఎవా విష్నియర్‌స్కాను ఉరుముల మబ్బు 9,946 మీటర్లకు లాక్కెళ్లింది. 40 నిమిషాలకు పైగా స్పృహ లేదు, అయినా ప్రాణాలతో దిగింది. అదే తుఫానులో చైనా పైలట్ హె ఝోంగ్‌పిన్ చనిపోయాడు.

ప్రశ్న (మెల్బోర్న్): పోటీ మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా ఎగిరింది వృథాయేనా?

కాదు. ఆపిన క్షణం నుంచి ఒక గేటు వ్యవధి వెనక్కి వెళ్లి లెక్కిస్తారు. ఒకే స్టార్ట్ ఉంటే 15 నిమిషాలు. 15 నిమిషాలకో గేటు ఉన్న పోటీని 4:20కి ఆపితే 4:05 నాటి మీ స్థానమే లెక్క. అప్పుడు గమ్యం ఎత్తుకన్నా పైన ఉంటే ప్రతి మీటరుకూ 5 మీటర్ల దూరం కలుపుతారు, 1,200 మీటర్లకు 6 కి.మీ. అందుకే రేడియోలో మాట వినగానే తుఫానుకు దూరంగా మళ్లితే ఒక్క పాయింటూ పోదు. ఆపకముందే మీకు భయమేస్తే రేడియోలో "లెవల్ 3" అని చెప్పండి, సురక్షితం కాదని దాని అర్థం. వెనకున్నవాడు ఓడిపోతాడని అలా అంటున్నాడనుకుంటారేమోనన్న మొహమాటం వద్దు.

ప్రశ్న (గుంటూరు): ఈదురుగాలి వచ్చేలోపు దిగాలంటే ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

వాన కనిపించాక ఆలస్యమే. ఈదురుగాలి వానకు 20 కి.మీ. ముందే రావచ్చు. దూరాన ధూళి గోడ, పొగ ఒక్కసారిగా పక్కకు వాలడం, పొలం కుంటల్లో అలలు రేగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దిగడం మొదలెట్టండి. కరెంటు తీగలు లేని పెద్ద కోత పొలం ఎంచుకోండి. 200 మీటర్ల ఎత్తులోనే వీజీ తాడు (రెక్క గుడ్డను బిగించే తాడు) పూర్తిగా వదలండి. బిగించి ఉంటే రెక్క మొండికేస్తుంది, గతుకుల గాలిలో మలుపు తిరగదు. కుంటలో నీరు ఏ గట్టు దగ్గర నిశ్చలంగా ఉందో చూడండి, గాలి అటునుంచి వస్తోంది. కాళ్లు నేలను తాకగానే హుక్ విప్పి, రెక్క ముక్కు దగ్గరి తీగ వదులుచేసి రెక్కను నేలకు పరిచేయండి. నిలబెట్టి ఫోన్ కోసం వెతికితే రెక్క విరుగుతుంది. అది పడుకున్నాకే మిమ్మల్ని తీసుకెళ్లే కారుకు మీరున్న చోటు పంపండి. పొలం గేటు ఎలా ఉందో అలాగే ఉంచి వెళ్లండి, లోపల గొర్రెలుంటాయి.