కండల కోసం కొనే డబ్బాల్లో ఏముంది?

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 60 కిలోలు. ఎనిమిది నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాను. కోచ్ చెప్పినట్లు బరువు పెంచే మాస్ గెయినర్, బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పొడి, వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కవుట్ పొడి, పురుష హార్మోన్‌ను పెంచుతుందనే టెస్టోస్టెరాన్ బూస్టర్ వాడుతున్నాను. జీతంలో పెద్ద భాగం వీటికే పోతోంది. నెల రోజులుగా లేబుల్ లేని డబ్బాలో తెల్ల మాత్రలు కూడా ఇస్తున్నారు. బరువు 3 కిలోలు పెరిగాను. కిడ్నీలు పాడవుతాయని నాన్నగారు రోజూ గొడవ పెడుతున్నారు. ఇవన్నీ నిజంగా అవసరమా? – ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: మీ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ తెల్ల మాత్రల సంగతి కనుక ముందు దాని గురించే చెబుతాను. లేబుల్ లేని డబ్బాలో వచ్చేది సప్లిమెంట్ కాదు, పేరు దాచిన మందు. బరువు పెరగడానికని ఇలా చేతిలో పెట్టే మాత్రల్లో స్టానోజొలాల్ వంటి అనబాలిక్ స్టెరాయిడ్లు, అంటే పురుష హార్మోన్‌ను పోలిన కండ పెంచే మందులు, ఉండవచ్చు, ఆకలి పెంచే సిప్రోహెప్టాడిన్ ఉండవచ్చు, ముఖం గుండ్రంగా ఉబ్బేలా చేసే డెక్సామెథసోన్ కూడా ఉండవచ్చు. అనబాలిక్ స్టెరాయిడ్లు వీర్యకణాల ఉత్పత్తిని తగ్గించి, వృషణాలను కుదించి, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మంచి కొలెస్ట్రాల్‌నూ దించేస్తాయి. డెక్సామెథసోన్ అయితే వారాల తరబడి వాడి హఠాత్తుగా ఆపేసినా ప్రమాదమే, ఎందుకంటే శరీరం సొంతంగా తయారుచేసుకోవలసిన కార్టిసాల్ అనే హార్మోన్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది. నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు. అందువల్ల ఆ డబ్బాను పారేయకుండా రేపు ఉదయమే దగ్గరలోని ఫిజీషియన్‌కు చూపించండి. ఎలా ఆపాలో ఆయనే నిర్ణయించాలి. మీరు పెరిగిన 3 కిలోల్లో కండ ఎంతో, నీరూ కొవ్వూ ఎంతో ఆ తర్వాతే తెలుస్తుంది.

ఇక పొడుల విషయం. ఆ మధ్య ఒక యువకుడు తన మాస్ గెయినర్ డబ్బాను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ముందువైపు కండలు తిరిగిన బొమ్మ, ఆ బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో ప్రోటీన్ అన్న మాట. డబ్బాను తిప్పి వెనుకనున్న చిన్న అక్షరాలను ఇద్దరం కలిసి చదివాం. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. అక్కడ మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండిపదార్థం నుంచి తీసిన, చక్కెరలా త్వరగా జీర్ణమయ్యే పొడి. వంద గ్రాముల్లో ప్రోటీన్ 15 గ్రాములు, మిగిలినది దాదాపంతా ఈ పొడే. ఆ అబ్బాయి కొన్నాళ్లుగా తన జీతం పోసి కొంటున్నది చాలావరకు పిండిపదార్థమే. మీ డబ్బానూ ఒకసారి తిప్పి చూడండి.

బీసీఏఏ మీకు అసలు అక్కర్లేదు. ప్రోటీన్ అంతా అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో కట్టినదే. వాటిలో శరీరం సొంతంగా తయారుచేసుకోలేనివి తొమ్మిది ఉంటే అందులో మూడే ఈ పొడిలో ఉంటాయి. మిగిలిన ఆరు లేకుండా కండ కట్టదు. ఆ తొమ్మిదీ కోడిగుడ్డులోనూ, పాలలోనూ ఉన్నాయి. టెస్టోస్టెరాన్ బూస్టర్లలో ఎక్కువగా కలిపేది మన చేల గట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరు కాయల సారం. ఆరోగ్యవంతులైన యువకులకు దాన్ని ఇచ్చి పరీక్షించినప్పుడు టెస్టోస్టెరాన్ పెరగలేదు.

ప్రీ వర్కవుట్ తాగిన పావుగంటకు ముఖం, చెవులు, వేళ్ల కొసలు జివజివలాడడం మీరు గమనించే ఉంటారు. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తని చాలామంది నమ్ముతారు. అది బీటా అలనిన్ అనే పదార్థం చర్మంలోని నరాలను తాకడం వల్ల కలిగే స్పర్శ మాత్రమే, దానికీ కండ పెరగడానికీ సంబంధం లేదు. వచ్చిన హుషారు చాలావరకు కెఫీన్‌ది. ఒక స్కూప్‌లో 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండే పొడులు ఉన్నాయి. రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు దాటవద్దని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. సాయంత్రం అది తాగి రాత్రి నిద్ర చెడగొట్టుకుంటే, కండరం కోలుకునే సమయాన్నే పోగొట్టుకున్నట్లు అవుతుంది.

మీరు అడగకపోయినా రేపు కోచ్ తప్పక చెబుతారు కాబట్టి వే ప్రోటీన్ గురించీ రాస్తున్నాను. పాలు విరిచినప్పుడు మిగిలే తేట నీటిలోని ప్రోటీనే అది, విషం కాదు. సమస్య డబ్బాలో నిజంగా అదే ఉందా అన్నది. ప్రోటీన్‌ను లెక్కగట్టే పాత పద్ధతిలో నైట్రోజన్‌ను కొలిచి దాన్ని 6.25తో హెచ్చవేస్తారు. అందుకే గ్లైసిన్, టారిన్ వంటి నైట్రోజన్ ఉన్న చవక పదార్థాలు కలిపితే లెక్కలో ప్రోటీన్ ఎక్కువగా కనిపిస్తుంది. 2008లో చైనాలో పాలపొడిలో నైట్రోజన్ ఎక్కువగా ఉండే మెలమిన్ అనే రసాయనం కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసింది ఈ కిటుకుతోనే. మన దేశంలో అమ్ముతున్న 36 ప్రోటీన్ పొడులను కేరళ వైద్యులు పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క సరికాదని తేలింది. కొన్నింటిలో రాసినదానిలో సగమే ఉంది. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని సూచించాయి.

ఈ అంగడిలో నిజంగా ఆధారాలున్న వస్తువు దాదాపు ఒక్కటే, క్రియాటిన్ మోనోహైడ్రేట్. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. బరువులెత్తేటప్పుడు మరో రెండుసార్లు ఎత్తగలిగే శక్తినిస్తుంది, అంతకుమించి అద్భుతాలు చేయదు. మొదట్లో కండరాల్లో నీరు చేరి కిలో, రెండు కిలోలు బరువు పెరుగుతారు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా కాస్త పెరిగి కనిపిస్తుంది కాబట్టి పరీక్షకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇప్పుడున్న పరిస్థితిలో మీరు దీన్ని కూడా మొదలుపెట్టవద్దు.

నాన్నగారి భయంలో కొంత నిజం ఉంది. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవారికి ఎక్కువ ప్రోటీన్ మంచిది కాదు. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్న మీ వయసువారికి మీకు కావలసినంత ప్రోటీన్ హాని చేయదు. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతాయి. బరువులెత్తేవారికి 1.6 గ్రాముల వరకు ప్రయోజనం ఉంది, అది దాటితే అదనంగా పెద్దగా కండ రాదు. మీ బరువుకు అది 96 గ్రాములు. మూడు గుడ్లలో 18, అర లీటరు పాలు, పెరుగులో 16, వంద గ్రాముల కోడిమాంసంలో 22, రెండు పూటలా వేసుకునే పప్పులో 11, గుప్పెడు పల్లీల్లో 7, మీరు తినే అన్నం, చపాతీల్లో మరో 20 గ్రాములు. లెక్క దాదాపు సరిపోయింది. మాంసం తినని రోజున 50 గ్రాముల మీల్ మేకర్ వండుకుంటే 26 గ్రాములు వస్తాయి. మీ ఎత్తుకు మీరు సన్నగా ఉన్నారు, కాబట్టి అన్నం తగ్గించవద్దు. మాస్ గెయినర్ బదులు ఇంకో ముద్ద తినండి.

ఫిజీషియన్‌ను కలిసినప్పుడు కాలేయ పరీక్ష, క్రియాటినిన్, కొలెస్ట్రాల్, షుగర్, రక్తపోటు చూపించుకోండి. వాడుతున్న డబ్బాలన్నీ వెంట తీసుకెళ్లండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, గుండె దడగా అనిపించినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నాన్నగారిని కూడా వెంట తీసుకెళితే ఆయన సందేహాలూ అక్కడే తీరతాయి.